వేదిక కింద ఇరవై ఒక్క ఇళ్ళు

తాటి దూలాల దగ్గరికి రాగానే విజయమ్మ చెప్పులు విప్పి చేతిలోకి తీసుకుంది. వానాకాలంలో వాటిమీద చెప్పులతో నడిచే ధైర్యం కాలనీలో ఎవరికీ లేదు. పక్కపక్కన రెండు దూలాలు, మధ్యలో జానెడు సందు. ఆ సందులోంచి చూస్తే కింద మురుగు డ్రెయిను నల్లగా, నిండుగా, చప్పుడు లేకుండా పోతూ కనిపిస్తుంది. ఎడమవైపు దూలం కొత్తది. మొన్న వేసవిలో పిడుగు పడి మాడిపోయిన చెట్టును కాలనీవాళ్ళే కొట్టి మోసుకొచ్చి వేశారు. కుడివైపుది పాతది. నాచు పట్టి, నడుమ కుంగి, మనిషి బరువు పడగానే నీళ్ళను తాకి లేస్తుంది. విజయమ్మ ఎడమకాలు కొత్తదానిమీద, కుడికాలు పాతదానిమీద వేసి, కొంగలాగా ఆగి ఆగి నడుస్తుంది. పదకొండు అడుగులు. ఈ కాలనీకి కోడలుగా వచ్చిన ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ అంతే.

ఆ రోజు ఏడో అడుగు దగ్గర ఆగింది. వీపు నడిమధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కి పట్టినట్టు నొప్పి. అది మెల్లగా మెడమీదుగా ఎడమ దవడలోకి పాకింది. రాత్రి పులిసిన పప్పు తిన్నందుకు గ్యాసు పట్టేసి ఉంటుందనుకుని, ఒక్క తేన్పు వస్తే పోతుందని కాసేపు నిలబడి చూసింది. తేన్పు రాలేదు. మిగిలిన నాలుగు అడుగులూ వేసి గట్టెక్కింది.

గట్టుమీద కరెంటు స్తంభానికి గొలుసువేసి కట్టిన చెత్తబండి తాళం తీసింది. పంచాయతీ బండి అది. దూలాలమీదుగా రాదు కనుక రాత్రిళ్ళు ఇక్కడే ఉంటుంది. బండి ఒక్కటే కాదు, గ్యాసు సిలిండర్ల ఆటో అయినా, అంబులెన్సు అయినా, పెళ్ళికూతురు దిగే కారయినా ఈ స్తంభం దాకానే. ఇక్కడినుంచి అవతలికి కాళ్ళే దిక్కు.

వెనక దూలాలమీద వరసగా ఆడవాళ్ళు వస్తున్నారు. మోకాళ్ళ పైదాకా ఎగదోపిన చీరలు, చంకలో క్యారేజీలు. పిట్టలవానిపాలెం వైపు నాట్లకు పోతున్నారు. రెండు ఆటోలు రోడ్డుమీద హారన్లు కొడుతున్నాయి.

"అత్తా, ఆగు!" పక్కింటి కుమారి అందరికంటే ముందు గట్టెక్కింది. "ఇవాళేగా మీటింగు?"

"ఇవాళే. పదింటికి."

"బాగా చూసి పెట్టారు రోజు. నాట్లు ముమ్మరంగా ఉన్న వారం. మనవాళ్ళు ఒక్కరన్నా ఉంటారా ఊళ్ళో?"

"ఒక్కపూట మానుకోండే."

"మానితే మేస్త్రి రేపట్నుంచి పూర్తిగా మానుకోమంటాడు. నువ్వున్నావుగా! మా అందరి గింజలూ నువ్వే వెయ్యి. ఇరవై ఒక్క ఇల్లు. మర్చిపోతావేమో!"

"మర్చిపోడానికి నేనేమన్నా నిన్న వచ్చానా ఈ కాలనీకి?"

"మర్చిపోవులే. ఆఫీసర్లను చూస్తే నీకు నోరు పెగలదుగా, అదీ నా భయం!"

ఆడవాళ్ళంతా నవ్వారు. విజయమ్మ కూడా నవ్వి, మెడలో వేలాడుతున్న ఈల తీసి కుమారి చెవి దగ్గర గట్టిగా ఊదింది. కుమారి చెవి మూసుకుని తిట్టుకుంటూ ఆటో ఎక్కింది.

మీటింగు సంగతి వారం కిందటే తెలిసింది. వచ్చే ఐదేళ్ళలో ఈ ప్రాంతంలో ఏయే పనులు ముందు జరగాలో జనాన్నే అడిగి రాసుకుంటారట. తెనాలిలో అడిగారు, బాపట్లలో అడిగారు, రేపల్లెలో మొన్న అయింది. ఇప్పుడు ఊళ్ళమీదికి వస్తున్నారు. ఊరి పటాన్ని నేలమీద ముగ్గుపిండితో గీస్తారు. వచ్చిన ఇంటికి ఐదు చింతగింజలు చొప్పున ఇస్తారు. ఎక్కడ పని జరగాలో పటంమీద అక్కడ గింజ పెట్టాలి. ఎక్కువ గింజలు పడిన మూడు పనులు రాసుకుపోతారు. ఇదంతా చెప్పి పంచాయతీ సెక్రటరీ, "పటం నువ్వే గియ్యాలి విజయమ్మా. ఊళ్ళో నీకు తెలియని సందు లేదు. గీత కూడా నీ అంత తిన్నగా ఎవరూ గియ్యలేరు" అన్నాడు.

ఆ మాట నిజమే. వెలగలపాలేనికి ఎవరు పెద్దవాళ్ళు వచ్చినా, రోడ్డుకు రెండువైపులా సున్నం గీత గీసేది ఆమే. తాడు కట్టదు, కొలత పెట్టదు. చేట నిండా సున్నం తీసుకుని, గుప్పిట సందులోంచి వదులుతూ వెనక్కి నడుస్తుంది. అలా వెనక్కే నడవాలి. ముందుకు నడిస్తే మన గీతను మనమే తొక్కుతాం. తన గుమ్మం ముందు మాత్రం ఆమె ఎన్నడూ ముగ్గు వెయ్యలేదు. వాళ్ళ ఇళ్ళలో ఆ అలవాటు లేదు.

బండి తోసుకుంటూ రేపల్లె రోడ్డు మీది మలుపు దాకా వెళ్ళింది. ఆమె పని ఎప్పుడూ అక్కడ మొదలై డ్రెయిను గట్టున ముగుస్తుంది. ముందు కొట్ల బజారు, తరవాత రామాలయం వీధి, రైతుల పెద్దవీధి, బడి, మంచినీళ్ళ ట్యాంకు. ఒక్కో గుమ్మం ముందు ఈల ఊది ఆగుతుంది. తడిచెత్త, పొడిచెత్త వేరుగా ఇవ్వమని చెప్పి చెప్పి విసుగెత్తి, తనే చేత్తో వేరు చేసుకుంటుంది. ఏ ఇంట్లో పసిబిడ్డ ఉందో, ఏ ఇంట్లో కొత్తగా షుగరు వచ్చిందో, ఏ ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయో చెత్త చూసే చెప్పగలదు. ఎవరికీ చెప్పదు.

ట్యాంకు దగ్గర ఉండగా ఫోను మోగింది. బాపట్లనుంచి కూతురు ఝాన్సీ.

"తిన్నావా అమ్మా?"

"తింటాలేవే. ఇవాళ మీటింగు. పటం గియ్యాలి."

"నువ్వా? పటమా?" ఝాన్సీ నవ్వింది. "గొంతేంటి అట్లా ఉంది?"

"గ్యాసు పట్టింది. పిల్లేం చేస్తోంది?"

"నడుస్తోంది, పడుతోంది, లేస్తోంది."

"ఒక్కసారి తీసుకురావే. రెండేళ్ళు నిండొస్తున్నాయి. అమ్మమ్మ ఇల్లే తెలీదు దానికి."

"ఆ దూలాలమీద పిల్లనెత్తుకుని నడవడం నా వల్ల కాదమ్మా. నీకు తెలుసుగా. నాన్నప్పుడు చూశాక నాకు ఆ నీళ్ళంటేనే వణుకు. వంతెన కట్టించు, మర్నాడే వచ్చేస్తా."

"కట్టిస్తా. ఇవాళ గింజలు పడితే కట్టిస్తారంట."

"గింజలేంటమ్మా?"

"వచ్చాక చెప్తాలే" అని పెట్టేసింది.

విజయమ్మ భర్త జాన్సన్ పోయి ఎనిమిదేళ్ళు. భాద్రపదంలో, ఎడతెగని ముసురులో పోయాడు. సమాధుల దొడ్డి డ్రెయినుకు ఊరివైపు, రోడ్డు పక్కన ఉంది. పెట్టెను నలుగురు మొయ్యాలి. దూలాలమీద ఒకరి వెనక ఒకరే నడవగలరు. దాంతో మగవాళ్ళు పెట్టెను నెత్తికెత్తుకుని డ్రెయినులోకి దిగారు. నీళ్ళు చంకల దాకా వచ్చాయి. నడిమధ్యలో ముందువాడి కాలు బురదలో దిగబడి, పెట్టె ఒక పక్కకు ఒరిగి నీళ్ళు తాకింది. దూలాలమీద నిలబడిన ఝాన్సీ కేక వేసింది. విజయమ్మ కేక వెయ్యలేదు. పెట్టె అడుగునుంచి కారుతున్న నల్లనీళ్ళను చూస్తూ అవతలిగట్టు దాకా నడిచింది. ఆ రాత్రి కుమారితో ఒకే మాట అంది: "నన్ను మాత్రం నీళ్ళలో మొయ్యొద్దే." అప్పటినుంచి పంచాయతీకి ఎవరొచ్చినా, చీపురు పక్కన పెట్టి, వంతెన మాట ఒక్కసారి చెప్పి వస్తుంది. అందరూ తలూపారు. ఇవాళ తలూపడం కాదు, గింజలు లెక్కపెట్టి రాసుకుంటారని సెక్రటరీ అన్నాడు. అందుకే వారంనుంచి ఆమెకు నిద్రలో కూడా చింతగింజలే.

తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసు ముందు సిమెంటు వాకిలిని కడిగి ఆరబెట్టింది. షామియానా అప్పటికే వేశారు. గేటుకు ఎదురుగా, వాకిలి చివర వేదిక. వేదిక అంటే మోకాలెత్తు బెంచీలమీద చెక్కలు పరిచి, ముందు భాగానికి ఎర్రగుడ్డ దిగవేసినది. తెనాలినుంచి ఒక సంస్థ తరఫున వచ్చిన భవ్య అనే అమ్మాయి రంగుల పొట్లాలు విప్పి పెట్టింది. రోడ్లకు తెలుపు, ఇళ్ళకు ఎరుపు, కాలవలకు నీలం, చేలకు ఆకుపచ్చ.

"ఎక్కడ మొదలుపెడతారు ఆంటీ?"

"ఊరి మొదట్నుంచేనండి" అంది విజయమ్మ.

గేటు దగ్గర వంగి రేపల్లె రోడ్డు గీసింది. వెనక్కి ఒక అడుగు. కొట్ల బజారు. వెనక్కి మరో అడుగు. రామాలయం వీధి. ఆమె రోజూ నడిచే వరసే అది. చెయ్యి తనంతట తనే సాగిపోయింది. ఎక్కడ రెండు సందులు కలుస్తాయో, ఎక్కడ కాలవ గోడ విరిగిందో, ఎవరి ప్రహరీ రోడ్డుమీదికి వచ్చిందో అన్నీ గీతలో దిగాయి. పెద్దవీధిని వెడల్పుగా, ఉదారంగా గీసింది. పెద్ద పెద్ద ఇళ్ళు మరి, ఇరుకుగా గీస్తే వాళ్ళేమనుకుంటారో! బడికి ఒక గంట బొమ్మ కూడా వేసింది. చుట్టూ చేరిన పిల్లలు చప్పట్లు కొట్టారు. వీపులో నొప్పి మళ్ళీ వచ్చింది. వంగి ఉన్నందువల్ల అనుకుని నడుంమీద చెయ్యి వేసుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ వంగింది. ట్యాంకు వేసి, డ్రెయినుకు నీలం పొడి చల్లుతూ వెనక్కి జరిగింది.

మడమకు చెక్క తగిలింది.

వెనక్కి తిరిగి చూసింది. వేదిక. వాకిలి అయిపోయింది. డ్రెయిను నీలంగీత సరిగ్గా ఎర్రగుడ్డ అంచు వెంబడి ఉంది. దాని అవతల ఉండాల్సిన కాలనీకి చోటు లేదు.

కాసేపు ఆ గీతకేసి చూస్తూ నిలబడింది. పెద్దవీధిని కొంచెం తగ్గించి ఉంటే సరిపోయేది. అసలు కాలనీనుంచి మొదలుపెట్టి ఉంటే ఏ బాధా లేకపోయేది. కానీ ఎంత ఆలోచించినా, తను మొదటి గీత తన ఇంటి దగ్గర గీసి ఉండేదని ఆమెకు అనిపించలేదు.

"అయిందా ఆంటీ? ఎంత బాగా వేశారండీ!" భవ్య ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే అడిగింది.

"ఇంకా కొంచెం ఉందండి. కాస్త చెరిపి మళ్ళీ..."

"అమ్మో, చెరపొద్దు! సార్‌వాళ్ళు చుండూరు దాటారంట. ఆ కొంచెం ఎక్కడో ఒకచోట సర్దెయ్యండి."

విజయమ్మ ఎర్రగుడ్డను పైకెత్తి చెక్కలమీదికి మడిచి పెట్టింది. మోకాళ్ళమీద కూర్చుని, తల వంచి, వేదిక కిందికి దూరింది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ముందు డ్రెయినుమీద రెండు తెల్లగీతలు గీసింది. తరవాత ఎర్రపొడితో ఒక్కో ఇల్లూ వేసింది. కుమారి ఇల్లు. ముసలి ఏసోబు ఇల్లు. మొన్నటి గాలివానకు కప్పు లేచిపోయిన మరియమ్మ ఇల్లు. వేసేటప్పుడు ప్రతి ఇంటి పేరూ పెదవులు కదలకుండా అనుకుంది. అరచేయంత చదరాలు, ఇరవై ఒకటి. చివరిది తనది. దాని ముందు జాన్సన్ వేసిన మునగచెట్టుకు గుర్తుగా చిటికెడు ఆకుపచ్చ పెట్టింది. గింజలు వేసే వేళకు గుడ్డ ఎత్తే ఉంటుందిగా, కనపడుతుందిలే అనుకుంది.

ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి ఎవరో గుడ్డను కిందికి దించి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చారు. వేదికమీద కుర్చీలు వేశారు. కార్లు వచ్చి ఆగాయి.

పెద్దాఫీసరు చక్కగా మాట్లాడాడు. ఇన్నాళ్ళూ పైనుంచి పనులు కిందికి వచ్చాయి, ఇకనుంచి కిందినుంచి పైకి వెళతాయన్నాడు. మీ ఊరికి ఏం కావాలో మాకంటే మీకే బాగా తెలుసన్నాడు. తరవాత భవ్య గింజలు పంచింది. జనం పటం చుట్టూ మూగారు.

"రేపల్లె రోడ్డు వెడల్పు చెయ్యాలండీ. తెనాలి పోవాలంటే గంటన్నర. మనుషులం ముసలాళ్ళం అవుతున్నాం బస్సులోనే!"

"మీరు ఎక్కేటప్పుడే ముసలాళ్ళు బాబాయ్, రోడ్డునంటే ఎట్లా?"

అందరూ గొల్లుమన్నారు. పెద్దవీధి పూర్ణచంద్రరావు గారు తన ఐదు గింజలూ తీసుకెళ్ళి తన ఇంటి ముందున్న గతుకులోనే పెట్టాడు.

"అదేంటండీ, ఐదూ ఒక్కచోటే?" అంది భవ్య.

"ఐదేళ్ళనుంచి అందులోనే పడుతున్నానమ్మా. ఏడాదికొకటి."

మళ్ళీ నవ్వులు. విజయమ్మకు కూడా నవ్వొచ్చింది. అందరూ వంగి తను గీసిన వీధుల్లో తమ ఇళ్ళు వెతుక్కుంటుంటే, ఇదిగో మాది, అదిగో మీది అంటుంటే, ఆమెకు ఏదో గర్వంలాంటిది కలిగింది. మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్యనుంచి తిరుగుతూ సెక్రటరీ దగ్గర ఆగింది.

"సార్, మా కాలనీ గింజలండి. ఇరవై ఒక్క ఇల్లు."

"వాళ్ళు రాలేదుగా విజయమ్మా. మనిషి లేకుండా ఇవ్వకూడదంట."

"నావన్నా ఇప్పించండి."

"నువ్వు స్టాఫ్ కదమ్మా. స్టాఫ్ గింజలు వేసిందని రేపు ఎవరన్నా తప్పు పడితే నీకూ మాట, నాకూ మాట." అతను కసురుకోలేదు. నిజంగానే భయపడుతున్నట్టు చెప్పాడు.

ఆమె వేదిక వైపు చూసింది. గుడ్డ ఒక్కటి ఎత్తితే చాలు. చూసిన వాళ్ళే అడుగుతారు, ఇవేం ఇళ్ళు అని. ఎవరో ఒకరు ఒక గింజయినా వేస్తారు. దగ్గరికి వెళ్ళింది. గుడ్డకు ఆనుకుని పైన పెద్దాఫీసరు బూట్లు, వాటి పక్కన సర్పంచి బసవేశ్వరరావు గారి తెల్లపంచె అంచు. పెద్దమనుషుల కాళ్ళ దగ్గర గుడ్డ ఎత్తడం ఎట్లా? వంగబోయిన మనిషి అలాగే నిలబడిపోయింది.

"ఏంటి విజయమ్మా?" అన్నాడు సర్పంచి.

"ఏం లేదండి... మా వంతెన..."

"మీ వంతెన సంగతి నాకు తెలీదా? నా మనసులోనే ఉంది. ముందు సార్‌కి మంచినీళ్ళందించు."

గ్లాసు అందించింది. అది కాస్త ఒరిగి కొన్ని నీళ్ళు చెక్కలమీద ఒలికాయి. సన్నటి ధార చెక్కల సందులోంచి కిందికి జారింది. కింద ఏ ఇల్లు తడిసిందో అనుకుంది.

ఆఖరి ప్రయత్నంగా భవ్య చెయ్యి తాకింది. "అమ్మా, మా కాలనీ కూడా ఉందండి."

"పటంలో ఎక్కడుంది ఆంటీ?"

"ఆ బల్ల కిందండి."

భవ్య అర్థం కానట్టు చూసి, వాచీ చూసుకుంది. "ఇతరాలు అని ఒక గడి ఉంది. అందులో రాస్తాలెండి" అని, కాగితం దొరక్క, అరచేతిమీద పెన్నుతో 'వంతెన' అని రాసుకుంది.

గేటు దగ్గర నిచ్చెన ఎక్కి ఒకతను పటాన్ని ఫోటో తీశాడు. "ఊరంతా వచ్చేసిందండీ!" అని పైనుంచి అరిచాడు. గింజలు లెక్కపెట్టారు. రోడ్డు వెడల్పు మొదటిది. పొలాల వెంబడి డ్రెయిను పూడిక తీయడం రెండోది. ఫంక్షను హాలు మూడోది. చప్పట్లు కొట్టారు. విజయమ్మ ఖాళీ పళ్ళెం చంకన పెట్టుకుని తను కూడా కొట్టింది. భోజనాల తరవాత భవ్య చేతులు కడుక్కుని కారెక్కింది.

ఎంగిలాకులు ఎత్తి, పాత్రలు తోమేసరికి నాలుగు దాటింది. విజయమ్మ తినలేదు. కుండలోని చల్లనీళ్ళు రెండు గ్లాసులు తాగి, సెక్రటరీ ఇచ్చిన గ్యాసు బిళ్ళ ఒకటి మింగింది.

"ఇల్లు చేరిపోరాదా? మొహం పాలిపోయింది" అన్నాడు అతను బండి స్టార్టు చేస్తూ.

"ఇది ఊడ్చేసి పోతానండి."

"రేపు పొద్దున్నే షామియానావాళ్ళు వస్తారు. అప్పుడు ఊడ్చుకో."

"అందరూ తొక్కి రంగంతా ఇళ్ళలోకి పట్టుకుపోతారండి" అని చీపురు తీసింది.

గీసేటప్పుడు వెనక్కి నడవాలి. ఊడ్చేటప్పుడు ముందుకు. గేటు దగ్గర మొదలుపెట్టింది. రేపల్లె రోడ్డు పోయింది. కొట్ల బజారు పోయింది. రామాలయం వీధి తెల్లదుమ్ముగా లేచి కళ్ళలో పడింది. పెద్దవీధి దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. ఎడమచెయ్యి బరువెక్కి, చీపురు పట్టు వదులవుతోంది. కుడిచేత్తోనే ఊడ్చింది. తెలుపూ ఎరుపూ నీలమూ కలిసి, ఏ రంగూ కాని ఒక కుప్ప అయింది. దాన్ని చేటలోకి ఎత్తుతుంటే ట్యాంకు ఉన్నచోట, కుర్చీకాలు పక్కన, ఒక చింతగింజ దొరికింది. ఎవరి చేతిలోంచో జారి, లెక్కలోకి రాకుండా పోయిన గింజ. కొంగుతో తుడిచింది. గోధుమరంగులో నున్నగా మెరిసింది.

వాకిలిలో ఎవరూ లేరు. గేటు అవతల ఒక కుక్క పడుకుని ఉంది. విజయమ్మ ఎర్రగుడ్డకు గుచ్చిన గుండుసూదులు తీసి, గుడ్డ ఎత్తి, లోపలికి వంగింది. ఇరవై ఒక్క ఇళ్ళూ అలాగే ఉన్నాయి. మరియమ్మ ఇల్లు ఒక్కటి నీళ్ళకు కాస్త కరిగింది. చీపురు లోపలికి పెట్టబోయి ఆగింది. ఎవరు చూస్తారు గనక, రేపు ఊడుద్దాం అనుకుంది.

గుప్పిట విప్పి, డ్రెయినుమీద గీసిన రెండు తెల్లగీతల మధ్య సందులో ఆ గింజను పెట్టింది. అది దొర్లబోతే వేలితో నొక్కి, కుదురుగా నిలబెట్టింది. గుడ్డ దించింది.

అలాగే వెనక్కి తిరిగి వేదికకు వీపు ఆనించి కూర్చుంది. చెమట చెవుల వెనకనుంచి కారుతోంది. షామియానా చిల్లులోంచి పడిన సాయంత్రపు ఎండ, ఊడ్చిన సిమెంటుమీద రూపాయిబిళ్ళంత మచ్చగా నిలిచింది. ఎండ తగ్గాక లేద్దాం, తొందరేముంది అనుకుంది. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది. చీపురు ఒళ్ళో ఉంది. ఎండమచ్చ మెల్లగా జరిగి ఆమె పాదాలమీదికి ఎక్కింది, అక్కడినుంచి చీపురుమీదికి, ఆ తరవాత ఆరిపోయింది.

ఆటోలు తిరిగొచ్చేసరికి సంజ చీకటి పడుతోంది. స్తంభం దగ్గర చెత్తబండి లేకపోవడం ముందు కుమారే చూసింది. కాళ్ళ బురదయినా కడుక్కోకుండా పంచాయతీ దాకా నడిచొచ్చింది.

"అత్తా, ఇక్కడ కూర్చున్నావా? మన గింజలు వేశావా?"

కుమారి ఇంకా దగ్గరికొచ్చింది.

"నిన్నే. పడ్డాయా లేదా?" అంటూ భుజంమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

కాలనీవాళ్ళంతా వచ్చారు. బడి పక్కనున్న ఆరెంపీ డాక్టరు నాడి చూసి, ఎంతో సేపయిందన్నాడు. ఝాన్సీకి ఎవరో ఫోను చేశారు. ఏడుపులు కాస్త తగ్గాక అసలు మాట వచ్చింది. ఇంటికి తీసుకెళ్ళాలి. రాత్రంతా ఇంటి దగ్గర ఉంచి, పొద్దున మళ్ళీ ఇవతలికి తేవాలి. పొద్దున్నుంచీ ఎగువన ఎక్కడో వాన పడ్డట్టుంది. డ్రెయిను పొంగి పాత దూలం నీళ్ళలో మునిగే ఉంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దు," అంది కుమారి. "నీళ్ళలో మొయ్యొద్దంది."

అప్పటికే వచ్చి నిలబడిన బసవేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నాడు. ఆయన చేతిలో ఇంకా పొద్దుటి మీటింగు కాగితాలున్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇక్కడే ఉంచండమ్మా. షామియానా రేపటిదాకా ఎటూ ఉంటుంది" అన్నాడు. తరవాత లైటు వేయించడానికి వెళ్ళాడు.

పొద్దున రేపల్లె రోడ్డు వేసినచోట తల, ట్యాంకు వేసినచోట పాదాలు ఉండేలా, ఊడ్చిన సిమెంటుమీద చాప పరిచి ఆమెను పడుకోబెట్టారు. బాపట్లనుంచి ఝాన్సీ పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్లకు అమ్మమ్మ ఇల్లు తెలియదు కనుక, ఆ షామియానానే అమ్మమ్మ ఇల్లనుకుని అటూ ఇటూ తిరిగి, చివరికి అమ్మమ్మ చెప్పుల పక్కన నిద్రపోయింది.

మర్నాడు ఉదయం విజయమ్మ పెట్టెను నలుగురు భుజాలమీద, తడవకుండా, తిన్నగా రోడ్డువెంట సమాధుల దొడ్డికి తీసుకెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగేసరికి షామియానావాళ్ళు వచ్చారు. గుడ్డలు విప్పారు, గుంజలు పీకారు, వేదిక చెక్కలు ఒక్కొక్కటీ ఎత్తి లారీలో వేశారు. చివరి చెక్క ఎత్తినతను "ఇదేంటి, ఇక్కడెవరో ముగ్గేశారు" అని వంగి చూశాడు. నీలంగీత అవతల అరచేయంత ఎర్రటి చదరాలు బారులుగా ఉన్నాయి. ఇవతలినుంచి అవతలికి రెండు తెల్లగీతలు, వాటి మధ్య జారకుండా కుదురుగా నొక్కిపెట్టిన ఒక్క చింతగింజ.